ఫిల్టర్ డబ్బా పీకితే బలం రాదు, ఇంజిన్ పోతుంది

మూడు నెలలుగా ఒక వాట్సాప్ సందేశం బెంగళూరు చుట్టుపక్కల దేవనహళ్లి నుంచి కనకపుర దాకా ఏటీవీలున్న (మట్టిలో తిరిగే నాలుగు చక్రాల చిన్న బళ్లున్న) తెలుగువాళ్ల ఫోన్లన్నీ చుట్టివస్తోంది. రిసార్టుల్లో సవారీలు నడిపేవారు, ద్రాక్షతోటల్లో చిన్న ట్రాలీ తగిలించి ఎరువు బస్తాలు లాగించుకునే రైతులు, చివరకు మా వర్క్‌షాపులో పనిచేసే పిల్లలు కూడా దాన్ని నాకు పంపించి, "ఇది నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "కాలుష్య నియమాల కోసం కంపెనీలు ఇంజిన్ గొంతు నొక్కి అమ్ముతాయి. నల్ల ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టండి. చిన్న కార్బురేటర్ తీసి పెద్దది బిగించండి. 110 సీసీ బండికి 30 శాతం బలం పెరుగుతుంది, మైలేజీ కూడా వస్తుంది. జెట్లు మార్చే పని లేదు. హ్యాండిల్ దగ్గరి స్క్రూ కూడా పూర్తిగా విప్పేయండి. చెన్నై ఇసుకలో నడిపి చూశాం." కార్బురేటర్ అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం. జెట్ అంటే అందులో పెట్రోల్ ఎంత రావాలో కొలిచే సన్నని రంధ్రమున్న చిన్న ముక్క. కోన్ ఫిల్టర్ అంటే డబ్బా లేకుండా బయటే ఉండే శంకువు ఆకారపు ఫిల్టర్.

బెంగళూరులో పందొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఇన్ని తప్పులు ఇంత ధైర్యంగా ఒకేచోట చెప్పిన సందేశాన్ని ఇప్పటిదాకా చూడలేదు.

మొదట గొంతు నొక్కడం సంగతి. రోడ్డు మీద తిరిగే బళ్లకు 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి మోటార్ సైకిళ్లలో చాలా వరకు కార్బురేటర్ వదిలి, సెన్సార్లతో కొలిచి పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. పొలంలోనూ ట్రాక్ మీదా తిరిగే మన చిన్న ఏటీవీలు మాత్రం ఇప్పటికీ పాతకాలపు కార్బురేటర్‌తోనే వస్తున్నాయి. ఆ నియమాలు వాటి జోలికే రాలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. ఇందులో నిజం ఒక్కటుంది: కొన్ని బళ్లు కాస్త పెట్రోల్ తక్కువ పడేలా సెట్ అయి వస్తాయి. కానీ పెట్రోల్ తక్కువైన ఇంజిన్‌కు ఇంకా గాలి వదలమనడం, ఆకలితో ఉన్నవాడి చేతిలో నీళ్ల చెంబు పెట్టడం లాంటిది.

30 శాతం బలం సంగతి లెక్క వేసి చూద్దాం. నాలుగు స్ట్రోకుల 110 సీసీ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 7,500 చుట్లు తిరిగినప్పుడు, సిలిండర్ ప్రతిసారీ పూర్తిగా నిండిందనుకున్నా, దానికి కావలసింది నిమిషానికి సుమారు 412 లీటర్ల గాలి. శుభ్రంగా ఉన్న ఫోమ్ ఫిల్టర్‌కు ఇది పెద్ద భారం కాదు. ఆ ఇంజిన్ బలాన్ని ఆపుతున్నవి వాల్వుల సైజు, వాటిని తెరిచే క్యామ్, సిలిండర్‌లో గాలిని నొక్కే కంప్రెషన్. డబ్బా పీకినంత మాత్రాన వీటిలో ఒక్కటీ మారదు. శబ్దం మాత్రం పెరుగుతుంది. గాలి లోపలికి దూసుకెళ్లే ఆ గరగరను చాలామంది బలం అనుకుంటారు. అనుమానం ఉన్నవారు ఒకే గుట్ట మీద, ఒకే బరువుతో, చేతిలో గడియారం పెట్టుకుని రెండుసార్లు నడిపి చూడండి.

మైలేజీ మాట మరీ అన్యాయం. సగం థ్రాటిల్‌లో నడుస్తున్నప్పుడు గాలికి అసలు అడ్డు థ్రాటిలే (యాక్సిలరేటర్ ఇస్తే తెరుచుకునే గాలి తలుపు), ఫిల్టర్ కాదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కార్ల మీద పరీక్షలు చేసింది. కార్బురేటర్ ఉన్న పాత కారులో మురికి పట్టిన ఫిల్టర్ తీసి కొత్తది పెడితే మైలేజీలో కనిపించిన తేడా 2 నుంచి 6 శాతం. మురికి ఫిల్టర్ మారిస్తేనే అంత వచ్చినప్పుడు, శుభ్రమైన ఫిల్టర్ పీకేస్తే ఏం వస్తుంది?

ఇక పెద్ద కార్బురేటర్. చాలా 110 సీసీ ఏటీవీల్లో ఉండేది పీజెడ్-19 రకం, అంటే గొంతు వెడల్పు 19 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 26 మిల్లీమీటర్లది పెడితే దారి వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. అదే గాలి రెట్టింపు దారిలో పోతే వేగం సగమవుతుంది. కార్బురేటర్‌లో పెట్రోల్‌ను పైకి లాగేది ఆ గాలి వేగమే, ఇంకే పంపూ లేదు. వేగం సగమైతే లాగే శక్తి పావు వంతుకు దగ్గరగా పడిపోతుంది. అందుకే తక్కువ చుట్ల మీద థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే బండి 'బొవ్' మని ముక్కి ఆగిపోతుంది. బస్తాలు లాగే రైతుకు కావలసిన లాగుడు సరిగ్గా అక్కడే ఉంటుంది.

"జెట్లు మార్చే పని లేదు" అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. ఇంజిన్లను చంపుతున్న మాట అదే. పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి కావాలి. ఎక్కువ బలం కావాలంటే 12.5 నుంచి 13 దగ్గర ఉండాలి. ఫిల్టర్ డబ్బా పెట్టే కొద్దిపాటి అడ్డు కూడా జెట్ నుంచి పెట్రోల్ లాగే శక్తిలో భాగమే. డబ్బా తీస్తే ఆ భాగం పోతుంది, గాలి పెరుగుతుంది, పెట్రోల్ పాలు తగ్గుతుంది. మంట ఆలస్యంగా కాలి ఇంజిన్ తలలో, అంటే సిలిండర్ పైభాగంలో, వేడి నిలుస్తుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజిన్ గుట్ట ఎక్కుతూ ఆ వేడిని ఎంతసేపు ఓర్చుకోగలదు?

ఇక్కడ ఒక తెలివైన ప్రశ్న వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలుచన, కాబట్టి మన బళ్లలో పెట్రోల్ ఎలాగూ ఎక్కువే పడుతోంది కదా అని. నిజమే. చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ. దానివల్ల కార్బురేటర్ మిశ్రమంలో పెట్రోల్ 4 శాతం వరకు ఎక్కువవుతుంది. చెన్నై ఇసుకలో కుదిరిన సెట్టింగ్ నంది కొండల కింద కుదరకపోవడానికి ఇదొక్కటే చాలు. కానీ లెక్క అక్కడితో అయిపోలేదు. ఇప్పుడు బంకులో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు ఒక పాలుకు 9 పాళ్ల గాలే చాలు. ఆ మిశ్రమానికి కావలసింది 13.5 పాళ్లు. అంటే ఇథనాల్ లేని పెట్రోల్ కోసం పెట్టిన జెట్ ఇప్పుడు 7, 8 శాతం తక్కువ పోస్తోంది. ఇంజెక్షన్ బండిలో సెన్సార్ ఉంటుంది, సర్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ కన్ను లేదు. ఎత్తు ఇచ్చిన 4 శాతాన్ని ఇథనాల్ తినేసి ఇంకా బాకీ పెట్టింది. ఆ బాకీ మీద మీరు డబ్బా కూడా పీకుతున్నారు.

ఇంత చెప్పినా, నేను ఎక్కువగా చూస్తున్న ఇంజిన్ చావు వేడి వల్ల వచ్చేది కాదు, దుమ్ము వల్ల వచ్చేది. చిక్కబళ్లాపురం దగ్గరి ఒక రైతు, తెలుగాయన, ఈ సందేశం చూసి బండి మార్పించుకున్నారు. రెండు నెలలకు సైలెన్సర్‌లో నీలిపొగ మొదలైంది. ట్రాలీలో వేసుకుని నా దగ్గరికి తెచ్చారు. కార్బురేటర్ విప్పి లోపల వేలు పెడితే వేలికి ఎర్రమట్టి అంటింది. సిలిండర్ గోడ మీద పైనుంచి కిందికి గీతలు, గోరుకు తగిలేంత లోతుగా. రింగులు అరిగి కంప్రెషన్ లేదు. మట్టిలో ఉండే సిలికా రేణువు సిలిండర్ ఇనుము కన్నా గట్టిది. నూనెతో కలిస్తే అది ఉప్పుకాగితమే.

డబ్బా ఉన్నది అందుకే. గాలి నోరు చక్రాల మట్టికి దూరంగా, సీటు కింద ఎత్తున ఉంటుంది. నీళ్లు చిమ్మినా డబ్బా అడుగున ఆగుతాయి. ఇంజిన్ అడుగు భాగం, అంటే క్రాంక్ కేసు, నుంచి వచ్చే గాలి గొట్టం కూడా చాలా బళ్లలో అందులోకే వెళ్తుంది. డబ్బా పీకినవారు ఆ గొట్టాన్ని గాలికి వదిలేస్తారు, అప్పుడు దుమ్ముకు రెండో తలుపు తెరుచుకుంటుంది. కోన్ ఫిల్టర్ మాత్రం సరిగ్గా వెనక చక్రం విసిరే మట్టికి ఎదురుగా కూర్చుంటుంది. చవకరకం అయితే వలలోంచి ఎండ కనిపిస్తుంది. నేను ఎండకు పట్టి చూపించినప్పుడు ఆ రైతు చాలాసేపు మాట్లాడలేదు.

హ్యాండిల్ దగ్గరి స్క్రూ గురించి రెండే మాటలు. పిల్లల ఏటీవీల్లో అది థ్రాటిల్ ఎంతవరకు తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది. పిల్లవాడి ప్రాణానికి ఉన్న హద్దు అది. రిసార్టుల్లో ఆ స్క్రూ విప్పి పదేళ్ల పిల్లలను ఎక్కిస్తున్నవారిని చేతులెత్తి వేడుకుంటున్నాను, ఈరోజే తిరిగి బిగించండి.

కార్బురేటర్ మార్చడమే తప్పని నేను అనడం లేదు. పాతది అరిగిపోతే మార్చాలి. బెంగళూరు జేసీ రోడ్డు విడిభాగాల బజారులో దొరికే పీజెడ్-19 నకళ్లలో కొన్ని బాగానే పనిచేస్తాయి. అదే సైజు తీసుకోండి. బిగించే ముందు కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మట్టం నిలిపే ఫ్లోట్ ఎత్తు చూడండి, కార్బురేటర్‌ను ఇంజిన్‌కు కలిపే మానిఫోల్డ్ దగ్గరి రబ్బరు ఓ-రింగ్ కొత్తది వేయండి. థ్రాటిల్‌తో పాటు పైకి లేచే స్లైడ్‌కు కోత ఉన్న వైపు ఫిల్టర్ దిక్కుగా ఉండాలి. తిప్పి పెడితే థ్రాటిల్ వదిలినా బండి ఆగదు, ఇంజిన్ ఆన్ చేయక ముందే కేబుల్ లాగి వదిలి 'టక్' మని కింద పడుతోందా వినండి. కొత్త స్పార్క్ ప్లగ్ వేసి, పూర్తి థ్రాటిల్‌లో కాసేపు నడిపి, అక్కడికక్కడే ఆపి ప్లగ్ విప్పండి. తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, మసిగా ఉంటే తగ్గించండి. ఇప్పటి పెట్రోల్‌లో ఈ రంగు అంచనాకే పనికొస్తుంది, కాబట్టి ఇంజిన్ తల ఎంత వేడెక్కుతోందో కూడా చూసుకోండి. ఫోమ్ ఫిల్టర్‌ను కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ నూనె రాసి, పిండి పెట్టాలి. నూనె లేని ఫోమ్ దుమ్మును పట్టుకోదు. ఎండాకాలం సవారీల బళ్లకు ఈ పని వారానికోసారైనా చేయాలి.

ఆ రైతు బండికి సిలిండర్ బోర్ (లోపలి వెడల్పు) పెంచి, కొత్త పిస్టన్, రింగులు వేశాను. పాత డబ్బా ఏమైందని అడిగితే, షెడ్డులో మేకులు, బోల్టులు పోసి పెట్టుకున్నానన్నారు. ఖాళీ చేసి, కడిగి, రబ్బరు గొట్టంతో సహా తెమ్మన్నాను. సోమవారం తెచ్చారు. పాత 19 మిల్లీమీటర్ల కార్బురేటర్‌నే శుభ్రం చేసి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ఆ డబ్బా కిందే బిగించాను.