వద్దు నొక్కిన మామ

కావలి ట్రంక్ రోడ్డులో ఏ ఏటీఎంలో ఏ పూట డబ్బులుంటాయో, ఏది ఐదువందల నోట్లు తప్ప ఇవ్వదో మా మామకు తెలిసినంతగా వాటిలో నోట్లు నింపేవాళ్ళకు కూడా తెలియదు. సొంత బ్యాంకు మెషీన్‌లో నెలకు ఐదుసార్లు ఉచితం, ఆ పైన తీస్తే 23 రూపాయలు. 2025 మే 1కి ముందు అది 21. పెరిగిన ఆ రెండు రూపాయల గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ వినాల్సి వచ్చింది. వేరే బ్యాంకు మెషీన్‌లో బాలెన్స్ చూసుకున్నా అక్కడి ఉచితాల్లో ఒకటి కింద లెక్కేస్తారని తెలిశాక బాలెన్స్ చూడటమే మానేశాడు. "ఉంటే వస్తాది, లేకుంటే రాదు. చూసేదేముండాది?"

ఈయన్ని పిల్లకాయలు బ్యాంకాక్ తీసుకెళ్తామన్నారు.

విదేశీ డబ్బు ముందే నింపుకుని వాడుకునే ఫారెక్స్ కార్డు చేయించుకోమన్నాం. "కార్డుకీ డబ్బులు కట్టి, కార్డులోకీ డబ్బులు కట్టేదా?" అన్నాడు. పోనీ డాలర్లు పట్టుకెళ్ళి అక్కడి కౌంటర్లలో మార్చుకుందామంటే, అంత డబ్బు ఒంటి మీద పెట్టుకుని తిరగలేనన్నాడు. చివరికి మామూలు డెబిట్ కార్డుకే యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయించుకున్నాడు. దానికి చార్జీ లేదు మరి.

పొద్దున వాకింగ్‌లో కలిసే రిటైర్డ్ బ్యాంకు సారు ఒకాయన మంచి మాటే చెప్పాడు. "మెషీన్ మిమ్మల్ని, మీ రూపాయల్లో లెక్కగట్టి ఇమ్మంటారా అని అడుగుద్ది. బో మర్యాదగా అడుగుద్ది. సరేనంటే రేటు ఆ మెషీన్ వాళ్ళది, వాళ్ళిష్టం. వద్దనండి. అక్కడి డబ్బు, బాత్‌లలోనే తీసుకుంటే మార్పిడి మన కార్డు వాళ్ళు చేస్తారు, అది నయం."

ఇంత ఉపదేశంలోంచి మామ "వద్దనండి" అన్న ముక్కను మాత్రం కొంగున ముడేసుకున్నాడు.

బ్యాంకాక్‌లో ప్రతూనాం అనే పేటలో మా హోటల్ కింద ఊదారంగు మెషీన్ ఒకటుంది. మామ కార్డు పెట్టాడు, పిన్ కొట్టాడు. విదేశీ కార్డు కాబట్టి 220 బాత్‌లు తీసుకుంటాం, సమ్మతమేనా అని అడిగింది. మామ మెరుపు వేగంతో 'నో' నొక్కాడు. కార్డు బయటికొచ్చింది. "చూశావా, దిగొచ్చింది!" అన్నాడు. డబ్బులు మాత్రం రాలేదు.

పక్క సందులో ఆకుపచ్చది. దానికీ 220, దానికీ 'నో'. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. మేము వెళ్ళినప్పుడు ఏ రంగు దాన్నడిగినా 220 అనే అంది. అప్పటి రేటుకు మన డబ్బుల్లో ఐదువందల పైమాటే. ఐదువందల బాత్‌లు తీసినా, పదివేలు తీసినా ఆ 220 తగ్గదు. అత్త చెప్పులు తెగేదాకా నడిచి, ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయింది. "ఆ 220 నేనిస్తా, కాస్త కొబ్బరినీళ్ళు ఇప్పించండి" అంది. ఇవ్వడానికి ఆమె దగ్గరా బాత్ లేదు.

చార్జీకి ఒప్పుకుంటే తప్ప నోట్లు రావని బావమరిది మొహమాటం లేకుండా చెప్పాడు. మామ నీరసంగా మళ్ళీ ఊదారంగు దాని దగ్గరికే వచ్చాడు. 220కి 'ఎస్'. ఎట్టాగూ 220 పోతోంది కదా, దండిగా తీస్తే గిట్టుబాటవుతుందని ఏకంగా 20,000 కొట్టాడు. అప్పుడు వచ్చింది అసలు ప్రశ్న, రూపాయల్లో లెక్కగట్టమంటారా అని. అప్పటికే 'నో' మీద నమ్మకం పోయింది ఆయనకు. మేము "మామా, మామా" అనేలోపే 'ఎస్' పడిపోయింది.

నోట్లు బరబరా వచ్చాయి. మామ లెక్కపెట్టుకుంటూ మురిసిపోయాడు. రాత్రి హోటల్ వైఫైలో బ్యాంకు యాప్ తెరిచాడు. మెషీన్ వాళ్ళు తమ రేటుకు లెక్కగట్టిన మొత్తం ఒకటి, దాని కింద మన బ్యాంకు వాళ్ళ విత్‌డ్రాయల్ చార్జీ, దాని కింద ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ. "చార్జీ మీద పన్నా!" అన్నాడు. ఆ రాత్రి భోజనానికి రాలేదు. హోటల్ పొద్దున ఉచితంగా పెట్టిన టిఫిన్‌లో ఆ లోటు పూడ్చుకున్నాడనుకోండి.

ఇంకో తంటా ఏమిటంటే, ప్యాకేజీలో బస్సు, భోజనం అన్నీ ముందే కట్టేసి ఉన్నాం. ఇరవై వేల బాత్‌లకు ఖర్చేది? అత్త ఇంద్రా మార్కెట్‌లో తన శక్తి కొద్దీ ప్రయత్నించింది. అయినా తిరుగు ప్రయాణం నాటికి ఏడువేలు మిగిలాయి. ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో రేటు బోర్డు చూసి మామ, ఈ రేటుకు అమ్మేకంటే చించి పారేసేది మేలన్నాడు. చిల్లర నాణేలైతే వాళ్ళసలు తీసుకోనే తీసుకోరట.

కావలిలో దిగిన మర్నాడు పొద్దున్నే వాకింగ్‌లో బ్యాంకు సారును నిలదీశాడు. "మీరు వద్దనమన్నారు, వద్దన్నా. సరేనన్నా గూడా మోసపోయా. ఇప్పుడీ బాత్‌లు ఏం చేసుకోవాలి?"

సారు ఓపిగ్గా చెప్పాడు. "ఎవరికి పడితే వాళ్ళకు అమ్మకూడదు, లైసెన్సు ఉన్న మనీ చేంజర్‌కే ఇవ్వాలి. మార్చుకోకపోయినా భయమేం లేదు. రెండువేల డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు మన దగ్గరే ఉంచుకోవచ్చు. నాణేలకైతే లెక్కే లేదు, ఎన్నైనా ఉంచుకోండి."

మామ చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఉంచుకున్నందుకు చార్జీ ఏం లేదుగదా?"