ఉమ్మడి డిగ్రీ గారికి, మూడు క్రెడిట్ల బాకీ విషయమై

మహారాజశ్రీ ఉమ్మడి డిగ్రీ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మామూలుగా ఈ మాట ఉత్తరం రాసేవారికీ అందుకునేవారికీ కలిపి వర్తిస్తుంది. లా పట్టా, ప్రజారోగ్య పట్టా రెండూ కలిపి ఇచ్చే మీ విషయంలో ఉభయులూ మీరే కనుక, ఏటికి ఇవతలి లా స్కూలు, అవతలి ప్రజారోగ్య స్కూలు రెండూ క్షేమమని తలుస్తాను. నా క్షేమం అడగనక్కరలేదు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా నేనెక్కడ ఉన్నానో మీకు తెలుసు. వంతెన మీద ఉన్నాను.

కోర్సు పేరు ప్రజారోగ్య చట్టం. మూడు క్రెడిట్లు, అంటే పట్టాకు లెక్కకు వచ్చే మూడు పాళ్ల చదువు. పేరులో ప్రజారోగ్యం ఉంది, చట్టమూ ఉంది. మీ కరపత్రంలో ‘కొన్ని క్రెడిట్లు రెండు డిగ్రీలకూ చెల్లుతాయి’ అని అచ్చువేసిన వాక్యానికి ఈ భూమ్మీద ఒకే ఒక్క ఉదాహరణ ఇవ్వమంటే, ఎవరైనా ఈ కోర్సు పేరే చెబుతారు. లా స్కూలు కిటికీలో కూర్చున్నావిడ ఎంతో మర్యాదగా, కోర్సు నంబరు ప్రజారోగ్య స్కూలుది కనుక అది అటు లెక్క అన్నారు. వంతెన దాటాను. అక్కడున్నాయన ఇంకా మర్యాదగా, పాఠం చెప్పేది లా ప్రొఫెసర్ కనుక అది లా స్కూలు లెక్క అన్నారు. మళ్లీ వంతెన. రెండింటికీ చెల్లవలసిన కోర్సు చివరికి ఒక్కదానికీ చెల్లలేదు.

దీనికి ఒక ఫారం ఉందని మూడో విడతలో తెలిసింది. అందులో ఏడో గడి: ‘అవతలి స్కూలు సంతకం అయిన తరువాతే ఇక్కడ సంతకం చేయబడును.’ అవతలి స్కూలు ఫారంలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం. పెళ్లి భోజనాల దగ్గర వియ్యంకులు ముందు మీరు కూర్చోండంటే మీరే కూర్చోండని నిలబడిపోయినట్టు ఉంది మీ వ్యవహారం. వాళ్ల మర్యాదలు బాగానే ఉన్నాయి. ఆకలితో ఉన్నది నేను.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మా వైపు సామెత. ఇద్దరు యజమానులున్న గొర్రెను ఏ ఒక్కరూ పట్టించుకోరు. మీ కరపత్రం చదివేటప్పుడు ఈ సామెత గుర్తుకు రాలేదు. ఇంగ్లీషులో చదివితే సామెతలు గుర్తుకు రావు.

లెక్క మీకు తెలియనిది కాదు, అయినా మనవి చేసుకుంటాను. అమెరికాలో గుర్తింపు ఉన్న లా డిగ్రీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి. ప్రజారోగ్యంలో మాస్టర్స్‌కు కనీసం 42. కలిపితే 125. విడివిడిగా చదివితే మూడేళ్లు, రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు. తమరి చలవతో నాలుగే. ఆ మిగిలే ఒక్క ఏడాదిని చూసే కదా బ్యాంకు నాకు అప్పిచ్చింది, ఆ ఏడాదిని చూసే కదా మా నాన్న హామీ సంతకం పెట్టింది. ఆయన సంతకానికి ముందు ఇంకెవరి సంతకమూ అడగలేదు. ఆ ఏడాది మొత్తం ఇలాంటి మూడేసి క్రెడిట్ల ఇటుకలతో కట్టింది. ఒక ఇటుక లాగారు. ఇంకెన్ని లాగుతారో ఇప్పుడే చెబితే ఇంటికి ఫోను చేసి చెప్పుకుంటాను.

మీ మిగతా లీలల గురించి ఎక్కువ చెప్పను. లా స్కూలు వసంత సెలవులు ఒక వారం, ప్రజారోగ్య స్కూలువి మరో వారం. రెండు సెలవులు కలిసి ఒక్క సెలవు కాలేదు. ఇవతల 1926లో పుట్టిన బ్లూబుక్ పద్ధతిలో చుక్కలూ కామాలూ సరిచూసి పాదసూచికలు రాయాలి, అవతల అదే పేజీలో అవన్నీ చెరిపి వరుస నంబర్లు వేయాలి. ఇక్కడ సెమిస్టరు చదువంతా మూడు గంటల పరీక్షలో తేలుతుంది, అక్కడ గ్రూప్ ప్రాజెక్టులో మిగతా నలుగురి నిద్రను బట్టి తేలుతుంది. నాతో చేరిన లా వాళ్లు వచ్చే మే నెలలో పట్టా పుచ్చుకుంటారు. నేను ఫొటోలు తీసిపెడతాను. మా మావయ్య ఫోను చేసినప్పుడల్లా “ప్లీడరువా, కంపౌండరువా అమ్మా?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీ కరపత్రంలో నాలుగు పేజీల సమాధానం ఉంది. చదివి వినిపించాను. “అంటే ఇంకా తేలలేదన్నమాట” అన్నాడు.

ఇవన్నీ భరిస్తాను. ఆ మూడు క్రెడిట్లను మాత్రం భరించలేను.

1905లో జేకబ్సన్ అనే మతబోధకుడి కేసు అమెరికా సుప్రీం కోర్టులో తేలింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి ఊళ్లో మశూచి టీకా వేయించుకోనన్నాడు, ఐదు డాలర్ల జరిమానా వేస్తే కట్టనన్నాడు, అంత దూరం వెళ్లాడు, ఓడిపోయాడు. ప్రజారోగ్య చట్టం పాఠాలు మొదలయ్యేదే ఆయనతో. క్లాసులో అందరూ ఆయన మొండితనానికి నవ్వారు. నిన్న వంతెన మీద, చలిగాలికి చెవులు నొప్పి పెడుతుంటే నాకు ఆయన మీద అసూయ కలిగింది. ఆయనకు జరిమానా ఎవరు వేశారో తెలుసు. ఆ వేసినవారికి ఒక తలుపు ఉంది, ఒక పేరు ఉంది. నేను ఎవరి మీద అప్పీలుకు వెళ్లాలి? ఇవతలి కిటికీ అవతలి కిటికీని చూపిస్తుంది, అవతలి కిటికీ గడియారాన్ని చూపిస్తుంది. నాలుగున్నర.

అసలు నువ్వెవరు? అవును, నువ్వే. మర్యాద ఇక చాలు. నీకు ఒక భవనం లేదు, ఒక గది లేదు, నీ పేరు మీద జీతం తీసుకునే గుమాస్తా ఒక్కడు లేడు. ఫీజు కట్టించుకునేటప్పుడు మాత్రం రెండు చేతులూ వస్తాయి. నిన్ను సృష్టించినవాళ్లు ఇద్దరు డీన్లతో ఒక ఫొటో దిగి, ఒక కరపత్రం అచ్చువేసి, మధ్యలో ఉన్న ఏటిని నాకు వదిలేశారు. రెండు శాస్త్రాల మధ్య వారధి కడతానన్నావు కదా. వారధి కట్టలేదు, నన్నే పరిచావు.

ఇంత తిట్టాక ఒక్క మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. ఎవరూ మాది అనని ఆ కోర్సులోనే, ఫిబ్రవరిలో ఒక మంగళవారం, డాబర్ట్ కేసు చదివాం. వేవిళ్లకు వాడిన బెండెక్టిన్ మందు వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టారని తల్లిదండ్రులు వేసిన దావా. 1993లో సుప్రీం కోర్టు శాస్త్ర సాక్ష్యాన్ని ఎలా తూచాలో చెప్పి వెనక్కి పంపింది. 1995లో కింది అప్పీలు కోర్టు, ఆ మందు ప్రమాదాన్ని రెట్టింపు కంటే ఎక్కువ చేసిందని చూపించాలంది. వాళ్లు చూపించలేకపోయారు. ఎందుకు రెట్టింపే అని ప్రొఫెసర్ అడిగారు. లా పిల్లలు పుస్తకాల్లోకి చూశారు. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే.

ప్రమాదం సరిగ్గా రెట్టింపయితే, మందు వాడి జబ్బుపడిన ప్రతి ఇద్దరిలో ఒకరికి అది ఎలాగూ వచ్చేదే, ఒకరికి మందు వల్ల వచ్చింది. సగానికి సగం. సివిల్ కోర్టుకు త్రాసు సగం దాటి ఒరగాలి, కాబట్టి రెట్టింపు దాటాలి. మరి ప్రమాదం ఒకటిన్నర రెట్లయితే? ప్రతి ముగ్గురిలో ఒకరిది ఆ మందు చలవే. ప్రజారోగ్య స్కూల్లో అది గంట మోగించవలసిన అంకె. కోర్టులో ఆ ఒకరెవరో చెప్పలేం కనుక ముగ్గురికీ సున్నా. బోర్డు మీద ఈ లెక్క వేస్తుంటే చేతిలో సుద్దముక్క వణికింది. ఏటికి ఏ గట్టునా ఇది నాకు దొరికేది కాదు.

నేను పుట్టింది ఉద్దానంలో. కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఊరూరా కిడ్నీ రోగులు. రక్తం, నీళ్లు, మట్టి నమూనాలు పట్టుకెళ్లినవాళ్లు ఎందరో వచ్చి వెళ్లారు. ఎండా, నీళ్లా, పురుగుమందులా అని అనుమానాల జాబితా పెరిగిందే తప్ప కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా పెదనాన్న డయాలసిస్ అయ్యాక బస్సులో తిరిగి వస్తూ ఒకసారి అడిగాడు: “ఎవరి మీద వేయాలమ్మా కేసు?” నీ దరఖాస్తు వ్యాసంలో నేను రాసింది అదే. మొదటి వాక్యం నువ్వు మెచ్చుకున్నావని ప్రవేశపత్రంలో ఉంది. అది చదివే వచ్చాను.

ఆ మంగళవారం సుద్దపొడి చేతులతోనే ఇంటికి ఫోను చేశాను. పెదనాన్నకు రెట్టింపు సంగతి వివరించాను. ఆయన అంతా విని, “అయితే జబ్బు చేసినవాడి మొహం చూసి కాదు, ఊరిని చూసి లెక్క వేస్తారా?” అన్నాడు. నిజానికి ఆ మాటకు మూడు క్రెడిట్లు ఆయనకే ఇవ్వాలి.

కాబట్టి సంగతి ఇది. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఫారం రెండు ప్రతులతో వంతెన నడిమధ్య నిలబడతాను. అటు నుంచి ఒకరిని, ఇటు నుంచి ఒకరిని అక్కడికే పంపించు. ఇద్దరూ ఒకేసారి ఏడో గడిలో సంతకం చేయవచ్చు. పెన్నులు నేనే తెస్తాను, రెండు.

ఇట్లు,
రెండు గుర్తింపు కార్డులున్నా ఏ తలుపూ తెరుచుకోని
నీ విద్యార్థిని