స్టిక్కర్ మీద పుట్టిన కరెంటు

హన్మకొండలో కెమెరా సామాను అమ్మే కౌంటర్ల మీద ఈ మధ్య సైన్సుకు అందని అద్భుతం ఒకటి కనిపిస్తోంది. దేశం ఇంకా గుర్తించలేదు.

కానన్ కంపెనీ 2008లో ఎల్‌పీ-ఈ6 అనే కెమెరా బ్యాటరీ తెచ్చి దాని మీద 1800 ఎంఏహెచ్ (లోపల ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) అని రాసుకుంది. అదే సైజు డబ్బాలో ఇంకాస్త కరెంటు ఇరికించాలని వాళ్ల ఇంజినీర్లు తంటాలు పడితే 2020కి అంకె 2130 దాకా వచ్చింది. పాపం, జపాన్ వాళ్లు! మన కౌంటర్ మీద ఊరూ పేరూ లేని బ్యాటరీ, అదే సైజుది, 2650 అని ఛాతీ విరుచుకుని కూర్చుంది. ధర ఒరిజినల్‌లో సగం కూడా లేదు. పన్నెండేళ్ల పరిశోధనను ఒక ప్రింటింగ్ ప్రెస్ రాత్రికి రాత్రి దాటేసింది. లిథియం అయాన్ బ్యాటరీలకుగాను 2019లో ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు గానీ స్టిక్కర్ కొట్టినవాణ్ని మరిచిపోయారు.

ఈ విద్యను బ్యాటరీలకే పరిమితం చేయడం అన్యాయం. చేల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, సామర్థ్యం 1100 మెగావాట్లు. ఎందుకండీ అంత బొగ్గు కాల్చడం? చిమ్నీకి పెద్ద స్టిక్కర్ వేసి 3000 అని రాస్తే సరిపోయె.

"ఇది ఒరిజినలేనా తమ్మీ?" అని అడిగి చూడండి.

"ఒరిజినల్ లెక్కనే అన్నా. ఫస్ట్ కాపీ."

"గ్యారంటీ?"

"నడిచినన్ని రోజులు గ్యారంటీ అన్నా."

ఇంత నిజాయితీగల గ్యారంటీని ఏ పెద్ద కంపెనీ అయినా ఇస్తుందా?

లోపల ఉండేవి రెండు సెల్స్. ఒక్కోటి 3.6 వోల్టులు, కలిపితే 7.2. పక్కన చిన్న చిప్పు, ఇంకా ఎంత ఛార్జ్ ఉందో కెమెరాకు చెప్పడానికి. ఈ చిప్పు మర్యాదస్తురాలు, ఎదుటివాళ్ల మనసు నొప్పించదు. అందుకే నూరు, నూరు, నూరు అంటూనే ఉంటుంది. ఎప్పటిదాకా? లగ్గం దాకా.

ఆ ఘట్టం ఊహించుకోండి. ఫంక్షన్ హాల్. జీలకర్ర బెల్లం అయింది, మంగళసూత్రం పెళ్లికొడుకు చేతిలో ఉంది, బాజాలు చెవులు పగలగొడుతున్నాయి. సరిగ్గా అప్పుడు కెమెరా కళ్లు మూసింది. "అయ్యగారూ, జర ఆగుండ్రి" అంటాడు ఫోటోగ్రాఫర్. ముహూర్తం ఆగదంటారు అయ్యగారు. రెండో బ్యాటరీ వేస్తే కెమెరా కొత్త పేచీ పెడుతుంది. కొన్ని కెమెరాలకు ఆ గుణం ఉంది. బ్యాటరీతో మాట కలవడం లేదు, దీని మీద మా కంపెనీ గుర్తు ఉందా అని తెర మీద అడుగుతుంది. అంటే పెళ్లిపందిట్లో బ్యాటరీకి ఇంటిపేరు, గోత్రం విచారణ! ఉందని నొక్కాలి. అయ్యగారి ఎదుట, అగ్నిసాక్షిగా, ఆ పిల్లాడు ఉందనే నొక్కుతాడు. ఈలోపు మూడు ముళ్లూ పడిపోయాయి. అందుకని భోజనాల తర్వాత పెళ్లికొడుకును మళ్లీ కూర్చోబెట్టి, తాళిని ఉత్తుత్తిగా పట్టుకోమని, పెళ్లికూతురు మేనమామను సంతోషంగా ఉండమని బతిమాలి, ఫోటో దించుతారు. మేనమామ నోట్లో అప్పటికే పాన్ ఉంటుంది. ఆల్బమ్‌లో ఆయన ఒక్కడి బుగ్గే ఉబ్బి ఎందుకుందో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు.

ఉబ్బడం అంటే గుర్తొచ్చింది, బ్యాటరీ కూడా ఉబ్బుతుంది. అప్పుడది కెమెరాలోంచి బయటికి రాదు. ఎక్కువ ఛార్జ్ ఎక్కకుండా ఆపే చిన్న సర్క్యూట్ ఒకటి లోపల ఉండాలి. నాసిరకం సరుకులో దాన్నే పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుంటారు. పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చి రోజుకూలికి కెమెరా పట్టే పిల్లలు, కిరాయి గదిలో నలుగురు పడుకుని, తల పక్కనే ఈ డబ్బాలను రాత్రంతా ఛార్జింగ్ పెడతారు. వాళ్లకు అమ్మేది నిప్పు. ఆ సంగతి తయారుచేసినవాడికి తెలుసు. కౌంటర్ వెనకున్న ఓనర్‌కూ తెలుసు, తన సొంత కెమెరాలో ఒరిజినలే వేసుకుంటాడు. పెళ్లిలో ఫోటో మిస్సయితే కూలి కోసేది మాత్రం ఆ పిల్లాడిది. సిగ్గుండాలి.

ఒరిజినల్ కంపెనీ దొరలను వదలడం లేదు. రెండు సెల్స్, ఒక చిప్పుకు వేల రూపాయలు గుంజుతారు. పోనీ పాత బ్యాటరీలు దాచుకుందామంటే కుదరదు. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50లు సంచీ నిండా ఉన్నా, ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 పట్టే కొత్త కెమెరాలో ఒక్కటీ దూరదు. పిల్లలను ఆ కౌంటర్ దగ్గరికి తోసింది వీళ్లే.

బయటి కంపెనీలన్నీ దొంగలు కావు. మంచివాళ్ల డబ్బా మీద తయారీదారు పేరు, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. అంకె ఒరిజినల్‌కు దగ్గరగానో, కొంచెం తక్కువగానో ఉంటుంది. తక్కువ రాసినవాణ్ని నమ్మండి.

ఇక ఉబ్బినదాన్ని ఏం చేయాలి? చెత్త ఆటోలో వేయకూడదు, మంటలొస్తాయి. పాత బ్యాటరీలను తయారీదారే వెనక్కి తీసుకోవాలని 2022లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. సరే, ఇచ్చేద్దామని తిప్పి చూస్తే అంత పెద్ద 2650 కింద చిరునామా వేయడానికి వాళ్లకు చోటు చాలలేదట.