ఐదు రూపాయల డయోడ్‌తో అయ్యే పని కాదు

శ్రీహరికోటలోని షార్ నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మా తిరుపతి మేడల మీద సందడే. ఆ వెనకే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "సూర్యుడు ఎటున్నాడో చెప్పడానికి ఉపగ్రహంలో సన్ సెన్సారట! అంతరిక్షంలో సూర్యుడు తప్ప వేరే వెలుగేది? ఐదు రూపాయల ఫోటోడయోడ్ చాలు. కచ్చితంగా కావాలంటే ముందు సూది బెజ్జం పెడితే సరి. మిగతాదంతా దండగ." పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను.

వేరే వెలుగు లేదన్నదే తప్పు. తన మీద పడిన ఎండలో భూమి దాదాపు 30 శాతం వెనక్కి కొడుతుంది. కింది కక్ష్యలో ఉపగ్రహానికి ఒక పక్కంతా భూమే. ఫోటోడయోడ్ అంటే పడిన వెలుగుని కరెంటుగా మార్చే చిన్న ముక్క. దానికి ఏది ఎండో, ఏది భూమి వెలుగో తెలియదు. అన్నీ కలిపి ఒకే కరెంటు ఇస్తుంది.

డయోడ్ చాలన్నది సగం నిజం. దిక్కు సుమారుగా తెలిస్తే చాలనుకున్నప్పుడు వాడతారు కూడా. కానీ దాని కరెంటు ఎండ వాలిన కోణానికి కొసైన్ లెక్కన మారుతుంది. నిట్టనిలువు ఎండ 5 డిగ్రీలు వాలితే తగ్గేది 0.4 శాతమే. నీడలోంచి ఎండలోకి వచ్చినప్పుడు వేడికే అంతకంటే ఎక్కువ మారుతుంది. అందుకే కొన్నిటిని తలో వైపు వాల్చి పెట్టి పోల్చుకుంటారు.

అసలు సంగతి సూది బెజ్జంలో ఉంది. మా రేకుల షెడ్డుకి మేకు ఊడిన బెజ్జం ఒకటుంది. మధ్యాహ్నం నేల మీద గుండ్రటి ఎండబిళ్ల పడుతుంది, స్కేలు పెడితే సుమారు 3 సెంటీమీటర్లు. బెజ్జం వంకరగా ఉన్నా బిళ్ల గుండ్రమే. అది సూర్యుడి బొమ్మ మరి! సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పు. రేకు 3 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అంత బిళ్ల. సెన్సార్‌లో బెజ్జానికీ, కింద వెలుగు మచ్చ పడే డిటెక్టర్‌కీ మధ్య ఎత్తు ఒక మిల్లీమీటరు అనుకోండి. బెజ్జం ఎంత సన్నగా ఉన్నా సూర్యుడి వెడల్పు వల్లే 9 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మసక వస్తుంది. ఎండ ఒక డిగ్రీ వాలితే మచ్చ జరిగేదేమో 17 మైక్రాన్లే. బెజ్జం మరీ సన్నం చేసి 10 మైక్రాన్లకు తెస్తే కాంతి పరుచుకుని మచ్చ దానికి ఐదారు రెట్లవుతుంది, వెలుగూ చాలదు.

పోనీ ఎత్తు పెంచుదామంటే చూపు ఇరుకవుతుంది. 60 డిగ్రీల వాలు ఎండకి మచ్చ ఎత్తుకు 1.73 రెట్లు పక్కకి పోతుంది, డిటెక్టర్ దాటిపోతుంది. సాయంత్రం మా ఎండబిళ్ల సాగి గోడెక్కేది ఇందుకే. మచ్చ వెడల్పుగా ఉన్నా దాని నడిమధ్యను లెక్కకట్టొచ్చు, నిజమే. అయితే భూమి వెలుగు ఒక పక్క నుంచి చొరబడితే ఆ నడిమధ్యే జరిగిపోతుంది.

ఇక దండగ మాట. ఏదైనా తేడా వస్తే చాలా ఉపగ్రహాలు మిగతా పనులు ఆపి ముందు సూర్యుణ్ణే వెతుక్కుంటాయి, సోలార్ ప్యానెళ్లు అటు తిప్పుకోవడానికి. ఆ వేళ సెన్సార్ భూమినే సూర్యుడనుకుంటే బ్యాటరీ ఖాళీ అవుతుంది.