‘అరగంటలో అక్వేరియం సంప్’: ఆ మెసేజీ ఇంకెవరికీ పంపకండి

"ఒక ప్లాస్టిక్ టబ్బు, రెండు గొట్టాలు, చిన్న మోటారు. అరగంటలో సంప్ ఫిల్టర్ రెడీ. జన్మలో నీళ్లు మార్చక్కర్లేదు!" ఈ మెసేజీ తెలిసినవాళ్లందరి దగ్గర్నుంచీ వస్తూనే ఉంది. సంప్ అంటే చేపల తొట్టి కింద పెట్టే టబ్బు: తొట్టిలోని నీళ్లు అందులోకి దిగి, వడపోతై, మోటారుతో మళ్లీ పైకి పోతాయి. పంపినవాళ్లలో ఒక్కరైనా దాన్ని కట్టి చూసినట్టు లేదు. చూసుంటే ఫోను పట్టుకునే తీరిక ఉండదు, నేల తుడుచుకుంటూ ఉంటారు.

అందులోని పాయింట్లకు వరసగా జవాబు చెప్పను. ఇల్లు ముంచేదాంతో మొదలుపెడతాను. అది మూడోది: "తొట్టికి రంధ్రం అక్కర్లేదు. గొట్టంతో సైఫన్ పెట్టి నీళ్లు కిందికి దించండి, మోటారుతో పైకి పంపండి. గొట్టానికి చిన్న వాల్వ్ పెట్టి రెండూ సమానం చేసుకోండి."

సైఫన్ అంటే నీళ్లు నిండిన గొట్టం, మోటారు లేకుండానే అంచుమీదుగా నీళ్లను కిందికి లాగేది. అది దించేదీ మోటారు తోడేదీ సమానం కావు. 60×30×30 సెం.మీ. తొట్టినే తీసుకోండి. నీళ్లు 27 సెం.మీ. ఎత్తున ఉన్నాయి, పైన 3 సెం.మీ. ఖాళీ. ఈ తొట్టిలో ఒక్క సెంటీమీటరు అంటే 1.8 లీటర్లు. గొట్టం చివర నీటిమట్టానికి 60 సెం.మీ. కింద ఉందనుకుందాం. సైఫన్ వేగం ఆ ఎత్తు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. అంటే సైఫన్‌కీ మోటారుకీ 5 శాతం తేడా వస్తే, అది సర్దుకోవడానికి తొట్టిలో మట్టం దాదాపు 6 సెం.మీ. మారాలి. పైన ఖాళీ ఉన్నదే మూడు! గొట్టంలో కాస్త పాచి పట్టి సైఫన్ నెమ్మదించిందా, నీళ్లు అంచు దాటతాయి. మోటారు జాలీకి చెత్త అడ్డుపడి 20 శాతం తగ్గిందా, తొట్టి 20 సెం.మీ. పైనే దిగిపోవాలి, అంటే 36 లీటర్లకు పైగా కిందికి రావాలి. కింద ఉన్న 40×25×30 టబ్బు నిండా పోసినా పట్టేది 30. వాల్వ్ తిప్పి సరిచేసింది ఆ నిమిషానికే. మర్నాడు పొద్దున్నకి ఆ లెక్క ఉండదు.

ఇంకా కరెంటు పోలేదు. పోతే మోటారు ఆగుతుంది, సైఫన్ ఆగదు. గొట్టం మూతి అడుగునుంచి 5 సెం.మీ. ఎత్తున ఉంటే 22 సెం.మీ. నీళ్లు, సుమారు 40 లీటర్లు, కిందికి వచ్చేస్తాయి. టబ్బులో అప్పటికే సగం నీళ్లున్నాయి. మిగిలిన 15 లీటర్ల చోటు నిండాక 25 లీటర్లు నేలమీదే.

"అయితే గొట్టం మూతి పైపైనే ఉంచుకుంటాం" అని తెలివిగా సవరించిన మెసేజీ కూడా తిరుగుతోంది. మూతిని నీటిమట్టానికి 2 సెం.మీ. కింద పెట్టారనుకోండి. కరెంటు పోగానే 3.6 లీటర్లు దిగి, గొట్టంలోకి గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఇల్లు తడవలేదు, సంతోషం. కరెంటు వచ్చాక తెగిన సైఫన్ తనంతట తాను మొదలవదు, మోటారు మాత్రం మొదలవుతుంది. టబ్బులో ఇప్పుడు 18 లీటర్ల పైనే ఉన్నాయి, అందులో 14 లీటర్ల దాకా పైకి తోడుతుంది. తొట్టిలో చోటు 9 లీటర్లకే. ఐదు లీటర్లు బయటికి, ఆ తర్వాత మోటారు ఎండుగా తిరిగి కాలిపోవడం. నీళ్లు ఏ పూట పొర్లాలో ఎంచుకునే స్వేచ్ఛ తప్ప, ఆ సవరణ ఇచ్చిందేమీ లేదు.

సరైన దారులు రెండు. అద్దానికి రంధ్రం వేసి బల్క్‌హెడ్ (రంధ్రంలో నీళ్లు కారకుండా పైపును పట్టి ఉంచేది) బిగించడం మొదటిది. డైమండ్ బిట్, ధారగా నీళ్లు, నెమ్మది చేయి కావాలి. రంధ్రం వ్యాసమంత దూరమైనా అద్దం అంచునుంచి వదలాలి. టెంపర్డ్ గ్లాసు జోలికి పోవద్దు, బిట్ తగలగానే ముక్కలుముక్కలవుతుంది. రెండోది పీవీసీ ఓవర్‌ఫ్లో, అంటే రంధ్రం లేకుండా అంచుమీదుగా నీళ్లు దించే పైపుల అమరిక. లోపలి పైపు మూతి నీటిమట్టం దగ్గర ఉంటుంది. నీళ్లు అందులోంచి కిందికి దిగి, మలుపు తిరిగి, అంచు దాటి బయటికి వస్తాయి. బయట కూడా కిందికి దిగి మళ్లీ పైకెక్కి, ఒక ‘టీ’ (T ఆకారపు పైపు జాయింటు) మీదుగా పొర్లి సంప్‌లోకి పోవాలి. ఆ టీ ఎత్తే తొట్టిలో నీటిమట్టాన్ని నిలబెడుతుంది. కరెంటు పోతే నీళ్లు ఆ ఎత్తుకు దిగి ఆగుతాయి, రెండువైపులా మలుపుల్లో నీళ్లు నిలిచే ఉంటాయి కాబట్టి సైఫన్ తెగదు. టీ పై మూతి తెరిచే ఉంచాలి, మూసేస్తే అదీ మామూలు సైఫనే అవుతుంది. దీని జబ్బు ఒకటే: ప్రవాహం నెమ్మదిగా ఉంటే అంచుమీది వంపులో గాలిబుడగలు చేరి చివరికి తెగుతుంది. అందుకే మరీ లావు పైపు వాడకూడదు. వంపు నెత్తిన సన్నని ఎయిర్ ట్యూబు దించి, మోటారు వెంచురీకి (మోటారుకు ఉండే గాలి పీల్చే మూతికి) కలిపితే చేరిన గాలిని అదే లాగేస్తుంది.

ఏ దారి పట్టినా లెక్కలు రెండు తేలాలి. మోటారు ఆగితే తొట్టి నుంచి 2.5 సెం.మీ., పైపుల్లోది కలిపి 5 లీటర్లు దిగుతాయి. ఆ టబ్బులో అది 5 సెం.మీ., కాబట్టి మోటారు నడుస్తుండగా నీళ్లు 24 సెం.మీ. దాటకూడదు. డ్రెయిన్ (నీళ్లను కిందికి దించే పైపు) మూసుకుపోతే రిటర్న్ గదిలోదంతా, అంటే టబ్బును అడ్డుగోడలతో విడదీస్తే మోటారు ఉండే చివరి గదిలోదంతా, పైకి పోతుంది. 15×25 గదిలో 15 సెం.మీ. నీళ్లుంటే మోటారు తోడగలిగేది సుమారు 4 లీటర్లు, తొట్టిలో 2.3 సెం.మీ. మూడు సెంటీమీటర్ల ఖాళీలో సరిపోతుంది. గది పెద్దది చేస్తే సరిపోదు.

"చెక్ వాల్వ్ పెడితే ఏ భయమూ లేదు" అంటుంది నాలుగో పాయింటు. మోటారు ఆగినప్పుడు రిటర్న్ పైపులోంచి (నీళ్లను పైకి పంపేది) నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్ అది. పిల్ల నత్త ఒకటి చాలు, లేదా ఇసుక రేణువు, అది తెరుచుకునే ఉండిపోతుంది. రిటర్న్ పైపు మూతిని నీటిమట్టానికి 2 సెం.మీ. లోపే ఉంచండి, గాలి దూరి ఆ వెనక్కి రావడం ఆగేలా మట్టానికి కాస్త కింద 3 మి.మీ. చిల్లు పెట్టండి. ఆ చిల్లూ పాచితో మూసుకుపోతుంది, నెలకోసారి పుల్లతో పొడవాలి.

"మోటారు ఎంత పెద్దదైతే అంత శుభ్రం." ఈ తొట్టికి పైకి చేరే నీళ్లు గంటకు 250 నుంచి 400 లీటర్లు చాలు. డబ్బామీద రాసిన అంకె ఎత్తు లేనప్పటిది, మీటరు ఎత్తుకు తోడితే చాలా పడిపోతుంది. లీటరు మగ్గు నిండడానికి 10 సెకన్లు పడితే గంటకు 360. ఎక్కువైతే రిటర్న్ పైపుకు బాల్ వాల్వ్ పెట్టి తగ్గించుకోండి. ఒక్కటే డ్రెయిన్ ఉన్నప్పుడు దానికి మాత్రం వాల్వ్ వద్దు.

"ఏ సిలికానైనా ఒకటే." బాత్‌రూమ్ సిలికాన్‌లో బూజు మందు కలుపుతారు. బూజును చంపేది చేపను ముద్దుపెట్టుకోదు. ఇక పాలీప్రొపిలీన్, పాలిథిలీన్ టబ్బుకు ఏ సిలికానూ అంటదు, అడ్డుగోడలు పెచ్చులా ఊడొస్తాయి.

బొగ్గు నైట్రేట్‌ను (చేపల వ్యర్థాల నుంచి చివరికి నీళ్లలో మిగిలేది) తీసేస్తుందట. తీయదు. గాలిబుడగలు వదిలే ఎయిర్ స్టోన్ లేకపోతే చేపలు చస్తాయట. డ్రెయిన్‌లోంచి నీళ్లు గాలి కలుపుకుంటూ పడుతున్న చప్పుడు వినపడలేదు కాబోలు.

"వారానికోసారి మీడియా మొత్తం కుళాయి కింద శుభ్రంగా కడగండి." మీడియా అంటే వ్యర్థాలను మార్చే మంచి బాక్టీరియా నివసించే సరుకు. కడగడమంటే వారానికోసారి ఫిల్టర్‌ని చంపి, సైక్లింగ్ (ఆ బాక్టీరియాను పెంచడం) మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టమని. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎందుకు కలుపుతారో రాసినవారికి గుర్తురాలేదు. దూది పొరను మార్చండి. మిగతాది తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే, ఒక్కోసారి మూడో వంతు, ఊరికే ముంచి తీయండి.

"చేపలు రెండింతలు వేయొచ్చు, నీళ్లు మార్చక్కర్లేదు." సంప్ వల్ల పెరిగేవి 15 లీటర్ల నీళ్లు, ఈదే చోటు మాత్రం పెరగదు. నైట్రేట్ ఎక్కడికీ పోదు. వారానికి 20, 25 శాతం మార్చాల్సిందే. పైగా ఆవిరయ్యే నీళ్లు తొట్టిలో తెలియవు, రిటర్న్ గదిలోనే తగ్గుతాయి. అక్కడ గీత గీసి పెట్టుకోకపోతే మోటారు గాలి పీలుస్తుంది.

ఇన్ని తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. "సిరామిక్ రింగులెందుకు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లు చాలు" అన్న పాయింటు నిజం. ఈ పరిమాణానికి 15, 20 స్క్రబ్బర్లు చక్కగా పనిచేస్తాయి, రింగుల్లా తొందరగా బురదతో పూడుకుపోవు. సబ్బు గానీ క్రిమినాశిని గానీ పట్టించనివి కావాలి, స్టీలువి వద్దు. ప్లాస్టిక్ టబ్బు కూడా మంచి ఆలోచనే. గోడలు అంటించకుండా, చిల్లుల బుట్టలో స్క్రబ్బర్లు నింపి డ్రెయిన్ కింద పెట్టి, పైన దూది పొర వేస్తే సరి. గదులు లేవు కాబట్టి మోటారును టబ్బు అడుగున కాకుండా, అది నీళ్లు పీల్చే చోటు మట్టానికి 4, 5 సెం.మీ. కిందే ఉండేలా ఎత్తుమీద పెట్టాలి. డ్రెయిన్ మూసుకుపోతే టబ్బంతా తోడుకుపోకుండా ఆపేది ఆ ఎత్తొక్కటే.

నీటిచుక్క ప్లగ్గులోకి పాకకుండా, వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదలండి. చేపలు వేయకముందే నీళ్లు నింపి, మోటారు స్విచ్చి పదిసార్లు ఆపి వేయండి, ఆపిన ప్రతిసారీ పావుగంట ఆగండి. తర్వాత ఓవర్‌ఫ్లో మూతిని గుడ్డతో మూసి, మోటారు గాలి పీల్చేదాకా తొట్టి అంచునే చూస్తూ నిలబడండి.