ప్రబంధానికీ ఫాంటసీకీ ఒకే అలమర

ఉగాది సంచికకో, మహాసభల పుస్తక ప్రదర్శనకో విదేశాల్లోని మన తెలుగు సంఘాలు ‘తప్పక చదవవలసిన తెలుగు పుస్తకాలు’ అంటూ జాబితాలు తయారు చేస్తూనే ఉంటాయి. అవి ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి: పెద్దలకు నాలుగైదు ప్రసిద్ధ సాంఘిక నవలలు, పిల్లలకు సుమతీ శతకం, వేమన పద్యాలు, ఇంగ్లీషులో బొమ్మల రామాయణం. వీటిలో దేన్నీ నేను కాదనను. అయితే ఆ జాబితా చూసిన పన్నెండేళ్ల పిల్లకు ఏం బోధపడుతుందో ఆలోచించాలి. మాంత్రికులూ మాయాద్వీపాలూ కావాలంటే బడి లైబ్రరీకి వెళ్లాలనీ, తెలుగు పుస్తకాన్ని మాత్రం నీతి కోసమో అమ్మమ్మ సంతోషం కోసమో చదవాలనీ ఆ పిల్ల అనుకుంటుంది. పెద్దలేమో ఫాంటసీ అంటే పిల్లల వ్యవహారమని దాని జోలికి పోరు. ఇలా ఒకే ఇంట్లో ఇద్దరు చదువరులు ఒకరి పుస్తకం ఒకరు ముట్టుకోకుండా ఏళ్లు గడిపేస్తున్నారు. మన ఇళ్లలో ప్రబంధమూ, సాంఘిక నవలా, చందమామ సీరియలూ, ఇంగ్లీషు ఫాంటసీ ఒకే అలమరలో పక్కపక్కన ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇది ఏదో సర్దుబాటు కోసం చెబుతున్న మాట కాదు, మన సాహిత్యం మొదటినుంచీ నడిచిన దారే అది.

అల్లసాని పెద్దన మనుచరిత్రనే తీసుకుందాం. మనలో చాలామంది దాన్ని అలంకారాల కోసం, ఛందస్సు కోసం, మార్కుల కోసం చదివి అక్కడితో వదిలేశారు. కథగా చూడండి. అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థు ఉన్నాడు. తీర్థాలు చూడాలని మహా కోరిక, కానీ నిత్యాగ్నిహోత్రం, అతిథులు, వృద్ధులైన తల్లిదండ్రులు అతన్ని ఊరు కదలనివ్వరు. ఒకనాడు అతిథిగా వచ్చిన సిద్ధుణ్ణి, ఇంత చిన్న వయసులో ఇన్ని దేశాలు ఎలా తిరిగారని అడుగుతాడు. కాళ్లకు పూసుకునే ఒక లేపనం మహిమ అని సిద్ధుడు చెబుతాడు. ప్రవరుడు దాన్ని పూయించుకుని హిమాలయాలకు చేరుకుంటాడు, తనివితీరా చూస్తాడు, ఇక ఇంటికి వెళ్దామనుకునేసరికి కాళ్లకున్న లేపనం మంచుకు కరిగిపోయిందని తెలుస్తుంది. మాయకు ఒక హద్దు ఉండాలి, ఆ హద్దు కథకు అవసరమైన చోటే సరిగ్గా తగలాలి అని ఈనాటి ఫాంటసీ రచయితలు చెప్పుకునే సూత్రం 16వ శతాబ్దపు పద్యాల్లో ఇంత సునాయాసంగా అమరింది. పొద్దు వాలకముందే తిరిగి రావచ్చనుకుని బయలుదేరి, దూరదేశంలో దారి తెలియక నిలిచిపోయిన ఆ మనిషి గుబులు మనకు వేరే వివరించనక్కరలేదు. అతన్ని వలచే అప్సరస వరూధిని కనిపించేది ఆ తరువాతనే.

అదే శతాబ్దానికి చెందిన పింగళి సూరన కళాపూర్ణోదయం ఇంకా సాహసోపేతమైన రచన. బ్రహ్మ సరస్వతికి ఏకాంతంలో చెప్పిన ఒక కథ భూమి మీద మనుషుల జీవితంగా నడుస్తుంది. తాము ఒక కథలో ఉన్నామన్న సంగతి వాళ్లకు తెలియదు. ద్వారకలో కలభాషిణి, నారదుని శిష్యుడు మణికంధరుడు, రంభ, నలకూబరుడు, రంభ రూపంలో ఉన్న మరొకరు, నలకూబరుని రూపంలో ఉన్న ఇంకొకరు ఇలా ముడి మీద ముడి పడుతూ, పూర్వాపరాలు తారుమారవుతూ కథ సాగుతుంది. చివరికి ఆ ముళ్లలో చాలా భాగాన్ని రాజసభలో విప్పేది మధురలాలస అనే పసిబిడ్డ. పురాణాల నుంచి తెచ్చుకోకుండా సూరన స్వయంగా అల్లిన ఈ కథను చదవడానికి పద్యాలన్నిటికీ అర్థం తెలిసి ఉండాలన్న నియమమేమీ లేదు. వచనానువాదంతో మొదలుపెట్టి, కథ పట్టుబడిన తరువాత నచ్చిన ఘట్టాల్లో పద్యాల వైపు వెళ్లవచ్చు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లీషు అనువాదం 2002లో ‘ది సౌండ్ ఆఫ్ ద కిస్’ పేరుతో వచ్చింది. వారిద్దరే అనువదించిన మనుచరిత్ర 2015లో, ఒక పుటలో తెలుగు మూలం, ఎదుటి పుటలో ఇంగ్లీషుతో అచ్చయింది. తల్లి ఎడమ పుట, కూతురు కుడి పుట చదువుకోవడానికి ఇంతకన్నా అనువైన ప్రతి ఉండదు.

విశ్వనాథ సత్యనారాయణ పేరు చెప్పగానే అందరికీ వేయిపడగలు గుర్తుకు వస్తుంది, దాని పరిమాణం చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. ఆయనదే ‘హాహాహూహూ’ అనే చిన్న రచన ఉంది. గుర్రపు ముఖం గల ఒక గంధర్వుడు గాయపడి లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర పడి ఉంటాడు. ఇది జంతువా, మనిషా, మరొకటా అని ఆ నగరపు మేధావులు తలలు పట్టుకుంటారు. అతను మాట్లాడేది సంస్కృతమని తేలాక, ఎవరు ఎవరిని పరిశీలిస్తున్నారన్న ప్రశ్న మొదలవుతుంది. ఎదుటివాడి నాగరికతను తన కొలబద్దతోనే కొలిచే అలవాటును ఈ రచన ఎంత సూటిగా పట్టుకున్నదో పరాయి దేశంలో ఉద్యోగం చేసిన ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. విశ్వనాథ అభిప్రాయాలతో నేను చాలాచోట్ల ఏకీభవించను. అయినా మన వలస జీవితం మీద ఇంత లోతైన ఫాంటసీ తెలుగులో మరొకటి నాకు కనిపించలేదు.

దాని పక్కనే మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ ఉంచాలి. 1924లో మొదటి భాగం వచ్చిన ఈ నవలలో మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం ఇంగ్లండుకు ప్రయాణమవుతాడు. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుని, అది పెట్టుకుని అందరూ తనను ఎందుకు చూస్తున్నారో తెలియక తికమకపడే ఘట్టం చదివి నవ్వనివారు ఉండరు. ఆ నవ్వులో పార్వతీశం పట్ల ఒక్క చులకన మాటైనా లేకపోవడం రచయిత గొప్పతనం. గంధర్వుడి కథ, పార్వతీశం కథ ఒకదాని వెంట ఒకటి చదివితే, కొత్త దేశంలో అడుగుపెట్టిన మనిషి అనుభవాన్ని ఊహ ఒక వైపునుంచీ, వాస్తవం మరోవైపునుంచీ ఎలా తాకుతాయో తేటతెల్లమవుతుంది. ఏ ఒక్కదాన్నో చదివితే ఆ ఎరుక కలగదు.

వాస్తవిక సాహిత్యం మన జాబితాల్లో ఎలాగూ ఉంటుంది కనుక ఇక్కడ ఎక్కువ చెప్పను. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కాన్ని, 1909లో గురజాడ పెంచి రాసిన రూపంలో, నలుగురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదవాలి. ఇంగ్లీషు కలిపి దంచే గిరీశం మాట, అందరినీ ఓ కంట కనిపెట్టే మధురవాణి మాట చెవిన పడితేనే ఆ నాటకం పూర్తిగా అందుతుంది. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లోని ఇందిరను ఈనాటి అమ్మాయిలకు పరిచయం చేయకపోవడం మన లోపమే. తన బరువు తానే మోసుకుంటూ, ఎవరి మెప్పూ కోరకుండా బతికే ఇందిరలాంటి పాత్ర 1950లలో రావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో ఒక ముసలివాడు, తప్పిపోయిన చూలు పంది, ఒక రాత్రి, ఒక అడవి, అంతే. మాయలూ మంత్రాలూ ఏమీ లేవు, కానీ ఆ రాత్రి అడవి ఏ మాంత్రిక లోకానికీ తీసిపోనంత భయంగా, అందంగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్నవారికి ‘ఏడుతరాలు’ కూడా చెబుతాను. ఆఫ్రికా నుంచి బానిసగా అమెరికాకు తెచ్చిన ఒక మనిషి, అతని సంతతి కథగా అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’కు సహవాసి చేసిన ఈ తెలుగు రూపం ఎందరినో కదిలించింది. ఆ కథ జరిగిన నేల మీద నివసిస్తూ దాన్ని చదవడం మరొక అనుభవం.

ఇక పిల్లల సంగతి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు తెలుగు ఫాంటసీకి తలమానికాలు. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం. ఈ పేర్లు చదువుతుంటేనే చిత్రా గీసిన బొమ్మలు కళ్లముందు కదిలేవారు మనలో ఎందరో ఉన్నారు. ఈ కథల్లో నీతిబోధ దాదాపు లేదు. ప్రయాణం ఉంది, ప్రమాదం ఉంది, ఇద్దరు యువకుల స్నేహం ఉంది. ఖడ్గవర్మ, జీవదత్తుడు లాంటివాళ్లు తెలివినీ ధైర్యాన్నీ నమ్ముకుంటారు తప్ప దేవుడు ప్రత్యక్షమై గట్టెక్కిస్తాడని ఎదురుచూడరు. వీటిలో లోపమూ లేకపోలేదు. సాహసాలన్నీ మగపిల్లలవే. అందుకే నేను కలగలుపు కావాలంటున్నాను. ఒక పుస్తకం చూడకుండా వదిలేసినదాన్ని మరొకటి చూస్తుంది. దాసరి సీరియల్ చదివిన అమ్మాయి కాస్త పెద్దయ్యాక ఓల్గా ‘విముక్త’ చదవాలి. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ సీతకు ఎదురుపడి మాట్లాడే ఆ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అందరికీ తెలిసిన పాత కథను ఊహ ఎంత కొత్తగా వెలిగించగలదో అందులో కనిపిస్తుంది.

ఇంగ్లీషు ఫాంటసీని పిల్లల చేతిలోంచి లాక్కోవలసిన పని లేదు. దాన్ని మనమూ చదవాలి. నా ఓటు అర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’కి. మేకలు కాసుకునే గెడ్ అనే కుర్రవాడికి మంత్రశక్తి ఉంటుంది, దానితోపాటు అహంకారమూ ఉంటుంది. తోటి విద్యార్థి ముందు గొప్పకు పోయి చేయకూడని మంత్రం వేసి, ఒక నీడను లోకంలోకి వదులుతాడు. మొదట దానికి భయపడి పారిపోతాడు, తరువాత దాన్నే వెతుక్కుంటూ సముద్రం మీద వెళతాడు. ఆ నవలలోని లోకంలో ఎక్కువమంది చామనఛాయవాళ్లు, గెడ్ కూడా అంతే. బడిలో చదివే మాయాలోకాల్లో తనలాంటి ముఖం కనిపించని మన పిల్లలకు ఈ చిన్న విషయం ఎంత పెద్దదో తల్లిదండ్రులకు వేరే చెప్పాలా? విద్య, గురువు, సంయమనం గురించి ఆ నవల ఆలోచించే తీరు మన ఇళ్లలో పెరిగినవారికి కొత్తగా తోచదు. గెడ్ గర్వం గురించి కూతురితో అరగంట మాట్లాడిన తండ్రికి ప్రవరుడి ప్రయాణం గురించి చెప్పడానికి వేరే సందర్భం వెతుక్కోనక్కరలేదు.

గంభీరమైన పాఠకులు కొందరు దీనికి ఒప్పుకోరని నాకు తెలుసు. సమాజంలో ఇన్ని సమస్యలుండగా ఊహాలోకాల్లో తిరగడం బాధ్యత నుంచి పారిపోవడమేనని వారి వాదం. వారికి కొడవటిగంటి కుటుంబరావు ఉదాహరణ చాలు. ‘చదువు’ వంటి నవలతో మధ్యతరగతి జీవితాన్ని నిర్మొహమాటంగా విప్పి చూపిన ఆ రచయితే 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు చందమామను తీర్చిదిద్దారు. ఆయనకు ఈ రెండు పనుల మధ్య వైరుధ్యం కనిపించలేదు, మనకెందుకు కనిపించాలి?

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేము. మన పిల్లల్లో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. దీనికి ఉపాయం పైకి చదివి వినిపించడమే. కాశీమజిలీ కథల్లో మధిర సుబ్బన్న దీక్షితులు పెట్టుకున్న కథన పద్ధతి అదే కదా: మణిసిద్ధుడితో కాశీకి నడిచే గోపబాలుడు ప్రతి మజిలీలోనూ ఏదో వింత చూసి దాని కథ అడుగుతాడు, మణిసిద్ధుడు చెబుతాడు. రాత్రి పడుకునేముందు రోజుకు ఒక ప్రకరణం చొప్పున దాసరి సీరియల్ చదివితే, రేపేమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రమే పిల్లల్ని లిపి వైపు నడిపిస్తుంది. శతకపద్యం కంఠస్థం చేయించి ఆ ఆత్రాన్ని పుట్టించలేము. పెద్దన, విశ్వనాథ వంటివారిని మొదట ఇంగ్లీషులోనే చదివినా తప్పు లేదు. కథ మనసుకు పడితే మూలం వైపు వెళ్లే అవకాశమైనా ఉంటుంది, అసలు చదవకపోతే అదీ ఉండదు.

మన సంఘానికి నా సూచన ఇది. ఈసారి పుస్తక ప్రదర్శనలో పిల్లల బల్ల, పెద్దల బల్ల అని విడదీయవద్దు. మనుచరిత్ర పక్కన ఎర్త్‌సీ, కన్యాశుల్కం పక్కన విముక్త, కళాపూర్ణోదయం పక్కన శిథిలాలయం ఉంచండి. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ ఏళ్లుగా సభ్యులందరూ ఒకే పుస్తకం చదివి వచ్చి చర్చించే సంప్రదాయాన్ని నడుపుతోంది. మనమూ నెలకొకసారి అలాంటి కూటమి పెట్టుకుని, ఒక నెల పెద్దలు ఎంచిన పుస్తకం, మరొక నెల హైస్కూలు పిల్లలు ఎంచిన పుస్తకం అందరూ చదవాలని నియమం పెట్టుకుందాం. పిల్లలు ఎంచినదాన్ని పెద్దలు చదవకుండా చర్చకు రాకూడదు. మొదటి నెలకు హాహాహూహూ పెట్టమని కోరుతున్నాను. చిన్న పుస్తకం, ఒక సెలవురోజు మధ్యాహ్నం కూర్చుంటే పూర్తవుతుంది. తెలుగు చదవలేనివారికి వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషు అనువాదం ఉంది కనుక, ఆ గంధర్వుడి గురించి తాతయ్యా మనవరాలూ ఒకే గదిలో, ఒకే సమయాన వాదించుకోవచ్చు.