కొవ్వాడ: యూనిట్ రేటు తేలకుండా ఊళ్లను కదిలించొద్దు

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ తీరాన్ని అమెరికా అణు రియాక్టర్ల కోసం కేంద్రం ఖరారు చేసింది 2009లో. పదహారేళ్లు దాటినా రియాక్టర్ పునాదికి ఒక్క తట్ట కాంక్రీటు పడలేదు. కదిలిందల్లా భూసేకరణ ఫైలే. రెండు వేల ఎకరాలకు పైగా భూమి, దాని మీద ఆధారపడ్డ ఊళ్లు, ఆ ఊళ్ల ముందున్న సముద్రం ఇన్నేళ్లుగా ఒక నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నాయి.

మొదట ఇక్కడికి జీఈ హిటాచీ రియాక్టర్లు వస్తాయన్నారు. పరికరంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారుడి నుంచి పరిహారం రాబట్టుకునే హక్కును 2010 నాటి అణు బాధ్యత చట్టం ఆపరేటర్‌కు ఇచ్చింది. ఆ నిబంధన ఉన్నంతకాలం పెట్టుబడి పెట్టలేమని జీఈ 2015లో తేల్చేసింది. గుజరాత్‌లోని మీఠీ విర్దికి అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లను 2016లో కొవ్వాడకు మార్చారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు. మరుసటి ఏడాది మార్చిలో వెస్టింగ్‌హౌసే అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన ‘శాంతి’ (SHANTI) అనే అణుశక్తి చట్టం ఈ రంగంలో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. సరఫరాదారులు అభ్యంతరం చెబుతూ వచ్చిన నిబంధననూ తీసేసింది. చట్టం అడ్డు తొలగింది కాబట్టి కొవ్వాడ ఇక పరుగు తీస్తుందనే మాట మళ్లీ వినిపిస్తోంది. అసలు అడ్డంకి ధర. దాని గురించి మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదు.

ముందు రియాక్టర్ గురించి న్యాయంగా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర తీరానికి సరిపోయే గుణం ఏపీ1000లో ఒకటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఇక్కడ విద్యుత్ టవర్లు, స్తంభాలు ఎలా నేలకూలాయో, కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. అణు కేంద్రానికి గ్రిడ్ తెగిపోవడం చాలా ప్రమాదకరమైన పరిస్థితి. రియాక్టర్‌ను ఆపేసినా ఇంధనం నుంచి వేడి వస్తూనే ఉంటుంది. దాన్ని తీసేయడానికి మామూలు డిజైన్లలో పంపులు తిరగాలి, వాటికి డీజిల్ జనరేటర్లు నడవాలి. ఫుకుషిమాలో సునామీ ముంచేసింది వాటినే. ఏపీ1000లో ఉక్కు కవచం పైన సుమారు 28 లక్షల లీటర్ల నీటి ట్యాంకు ఉంటుంది. కరెంటు పోతే వాల్వులు వాటంతట అవే తెరుచుకుని నీరు కవచం మీదుగా కిందికి జారుతుంది, గాలి తగిలి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మూడు రోజుల వరకు పంపు అక్కర్లేదు, మనిషి చెయ్యి పడక్కర్లేదు. ఆ తర్వాత చిన్న పంపుతో ట్యాంకు నింపాలి. దానికి అవసరమైన సామగ్రి ప్రాంగణంలోనే ఉన్నా, వారం దాటితే బయటి నుంచి సాయం రావాలి. అందుకే తుపాను తర్వాత జాతీయ రహదారి నుంచి తీరం దాకా దారి ఎన్ని గంటల్లో తెరుచుకుంటుందన్నది ఆర్ అండ్ బీ శాఖ ఒక్కదానికే వదిలేసే విషయం కాదు, అణుభద్రతలో భాగం.

ఇక ఖర్చు. ఇవే రియాక్టర్లు రెండింటిని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, బర్క్ కౌంటీ అనే పల్లె ప్రాంతంలో, వోగ్ట్‌ల్ కేంద్రంలో కట్టారు. తొలి అంచనా 1,400 కోట్ల డాలర్లు. వడ్డీలతో కలిపి చివరికి 3,500 కోట్ల డాలర్ల దాకా తేలింది. 2016, 2017లలో రావాల్సిన కరెంటు 2023, 2024లలో వచ్చింది. కారణాలు మనకు పాఠం లాంటివి. డిజైన్ వివరాలు పూర్తి కాకముందే పని మొదలెట్టారు. పెద్ద పెద్ద మాడ్యూళ్లను (నిర్మాణ భాగాలను) దూరంగా ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగిద్దామనుకున్నారు. వెల్డింగుల్లో లోపాలు, కొలతల్లో తేడాలు, సరిగా లేని తనిఖీ పత్రాలతో వాటిని సైటులో మళ్లీ చేయాల్సి వచ్చింది. దశాబ్దాలుగా కొత్త రియాక్టర్ కట్టని దేశంలో అణు ప్రమాణాలకు పైపులు అతికే వెల్డర్లు దొరకలేదు. పక్క రాష్ట్రం సౌత్ కరోలినాలో ఇవే రియాక్టర్లను సగంలో వదిలేశారు. చైనాలో మాత్రం ఇలాంటివి నాలుగు నడుస్తున్నాయి.

ఇక్కడి కూలీ, ఉక్కు, సిమెంటు ధరలు వేరు కాబట్టి అమెరికా లెక్క అలాగే వర్తించదు. అయినా ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. ఒక మెగావాట్ సామర్థ్యం 85 శాతం లోడుతో నడిస్తే ఏడాదికి సుమారు 74 లక్షల యూనిట్లు వస్తాయి. అప్పు, వడ్డీ, రాబడి కలిపి పెట్టుబడి మీద ఏటా 10 శాతం రాబట్టాలనుకుంటే, మెగావాట్‌కు ప్రతి 10 కోట్ల ఖర్చూ యూనిట్ ధరలో రూపాయి 34 పైసలు కలుపుతుంది. కేంద్రం 2017లో ఆమోదించిన పది దేశీయ 700 మెగావాట్ల రియాక్టర్ల అంచనా మెగావాట్‌కు దాదాపు 15 కోట్లు. అంటే పెట్టుబడి భారం రెండు రూపాయలు. విదేశీ రియాక్టర్ 30 కోట్లయితే నాలుగు రూపాయలు, 45 కోట్లయితే ఆరు. ఇంధనం, నిర్వహణ, చివర్లో కేంద్రాన్ని విప్పే ఖర్చు దీనికి అదనం. ఆలస్యం కూడా ధరే. 9 శాతం వడ్డీకి తెచ్చిన డబ్బును ఆరేళ్లలో సమానంగా ఖర్చుపెడితే నిర్మాణం ముగిసేసరికి అసలుకు సుమారు 31 శాతం తోడవుతుంది. అదే పని పన్నెండేళ్లు సాగితే సుమారు 75 శాతం.

ఆ భారం చివరికి డిస్కంల మీద, అక్కడి నుంచి మన బిల్లుల మీద పడుతుంది. రాత్రింబవళ్లు నిలకడగా వచ్చే కరెంటుకు విలువ ఉంది. సౌర విద్యుత్ చౌకే అయినా రాత్రి ఏడు గంటలకు అది చేతికి రాదు. ఆ నిలకడకు యూనిట్‌కు ఎంత ఎక్కువ ఇవ్వొచ్చో ముందే తేల్చుకోవాలి.

దేశీయ రియాక్టర్‌కు ఇంకో బలముంది. అది సహజ యురేనియంతో నడుస్తుంది, ఆ ఇంధన కడ్డీలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లోనే తయారవుతాయి. గుజరాత్‌లోని కాక్రపార్‌లో రెండు, రాజస్థాన్‌లో ఒకటి 700 మెగావాట్లవి ఇప్పటికే గ్రిడ్‌కు కరెంటిస్తున్నాయి. ఏపీ1000కు కావాల్సింది శుద్ధిచేసిన (విచ్ఛిత్తి చెందే రకం వాటా పెంచిన) యురేనియం, అది దిగుమతి సరుకు. అందుకే ముందు పరిశీలించాల్సింది దేశీయ రియాక్టర్లనే అనిపిస్తుంది.

భూమి లెక్కలో ఎక్కడా కనిపించని నష్టం సముద్రంలో ఉంది. ఏపీ1000లో పుట్టే 3,400 మెగావాట్ల వేడిలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త పైన. మిగతా 2,200 మెగావాట్లు చల్లార్చే నీటితో సముద్రంలోకి పోతాయి. తీసుకున్న నీటికంటే వదిలే నీరు 7 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే, ఒక్క రియాక్టర్‌కే సుమారు 2,700 క్యూసెక్కులు తోడాలి. ఆరు రియాక్టర్లకు 16 వేల క్యూసెక్కులు, అది కూడా ఏడాది పొడవునా. ఆ ప్రవాహంతో పాటు చేప గుడ్లు, పిల్లలు లోపలికి పోతాయి. పైపుల్లో నాచు, గుల్లలు పట్టకుండా క్లోరిన్ కలుపుతారు. తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రంలో జెల్లీఫిష్ గుంపులు వచ్చి జల్లెడలకు అడ్డుపడటం పాత సమస్యే. నీరు తీసే చోట, వదిలే చోట వేట నిషేధిస్తారు. పరిహారం మాత్రం ఎకరాల లెక్కన, పట్టా ఉన్నవాళ్లకు. వేటకెళ్లే తెప్పకు పట్టా ఎక్కడిది? ఈ జిల్లా మత్స్యకారులు ఇప్పటికే బతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తున్నారు. 2018లో అలా వెళ్లినవాళ్లు పాకిస్థాన్‌కు చిక్కి ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. తీరం నుంచి లోపలికి తీసుకెళ్లి కాలనీలో ఇల్లిస్తే వాళ్ల వృత్తికి పునరావాసం దొరికినట్టు కాదు. పడవ దించే చోటు, వల ఆరేసుకునే ఇసుక, ఐస్ ప్లాంటు, రేవు ఇవన్నీ ప్యాకేజీలో రాతపూర్వకంగా ఉండాలి.

ఉద్యోగాల మాటకూ వోగ్ట్‌లే కొలత. నిర్మాణం జోరు మీదున్నప్పుడు అక్కడ తొమ్మిది వేల మంది పనిచేశారు, రెండు కొత్త రియాక్టర్లలో మిగిలిన శాశ్వత ఉద్యోగాలు 800. మన పిల్లలకు ఆ పనుల్లో వాటా దక్కాలంటే కాంక్రీటు పడటానికి కనీసం రెండేళ్ల ముందే జిల్లా ఐటీఐల్లో పైపు వెల్డింగ్, అతుకుల ఎక్స్‌రే పరీక్ష, రాడ్ బెండింగ్, క్రేన్ ఆపరేషన్ నేర్పాలి. లేకుంటే బయటి కాంట్రాక్టర్లు బయటి మనుషులతోనే వస్తారు, స్థానికులకు మట్టి పని, వాచ్‌మన్ పని మిగులుతాయి.

ఈ జిల్లాలోనే సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ ప్లాంట్ల మీద జరిగిన ఉద్యమాల్లో పోలీసు కాల్పులకు మనుషులు చనిపోయారు. అక్కడి బీల (చిత్తడి) భూముల విలువను అధికారులు రికార్డులో బంజరుగా చూశారు, జనం అన్నం పెట్టే నేలగా చూశారు. కొవ్వాడలో ఆ తప్పు సముద్రం విషయంలో జరిగే అవకాశం ఉంది.

చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. యూనిట్ గరిష్ఠ ధర, ఆలస్యమైతే ఆ భారం ఎవరిదో చెప్పే నిబంధన ముందు ఒప్పందంలోకి రావాలి. ఆరు రియాక్టర్లు కాకుండా రెండింటితో మొదలుపెట్టాలి. చల్లార్చే నీటి నమూనా అధ్యయనాన్ని తెలుగులో ఊళ్ల ముందు పెట్టాలి. వాడుకోని భూమిని ఐదేళ్ల తర్వాత హక్కుదారులకు తిరిగి ఇవ్వడమో, భూబ్యాంకులో (ప్రభుత్వ భూనిల్వలో) వేయడమో చేయాలని 2013 భూసేకరణ చట్టం 101వ సెక్షన్ చెబుతోంది. ఏ తేదీలోగా ఒప్పందం కుదరకపోతే కొవ్వాడ భూములు భూబ్యాంకుకు కాకుండా రైతులకే తిరిగి వెళ్తాయో ప్రభుత్వం ఇప్పుడే ప్రకటించాలి.